కైట్‌సర్ఫింగ్‌లో దెబ్బ తగలకుండా పడటం ఎలా?

సంక్రాంతికి డాబా ఎక్కి పతంగి ఎగరేసినవాళ్లందరి చేతులకూ ఒక అలవాటు ఉండిపోతుంది. పతంగి అదుపు తప్పుతోందనిపిస్తే చాలు, గుంజుతాం. డీల్ ఇవ్వాల్సిన చోట కూడా గుంజుతాం. నల్లగొండలో మా డాబా మీద చిన్నప్పటి నుంచీ నేను చేసింది అదే. మహా అయితే పతంగి పోయేది, లేదంటే మాంజాకు వేలు తెగేది. అదే చేతులతో కైట్‌సర్ఫింగ్, అంటే పెద్ద పతంగి లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట, నేర్చుకుందామని రామేశ్వరం వెళ్తే, నాలుగో రోజు పక్కటెముకలు కమిలిపోయాయి.

నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాను. తలమీద 12 చదరపు మీటర్ల కైట్. అది ఎడమవైపుకు ఒరిగింది. భయమేసి బార్‌ను, అంటే కైట్‌ను తిప్పడానికి రెండు చేతులతో పట్టుకునే కర్రను, ఎడమచేత్తో నా వైపుకు గట్టిగా లాక్కున్నాను. కైట్ గాల్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది, నన్ను నీళ్లలోంచి పీకి, కొంతదూరం మోసుకెళ్లి, ఎడమపక్క మీద పడేసింది. ఒడ్డు నుంచి మా తమిళ మాస్టారు "విడు! విడు!" అని అరుస్తూనే ఉన్నాడు. అర్థం కాకపోవడానికి అది మనకు తెలియని మాటేం కాదు. చెవికి వినిపించింది, చేతులే వినలేదు.

పడకుండా ఉండటం గురించి ఇక్కడ రాయడం లేదు, అది కుదిరే పని కాదు. నేర్చుకునే మొదటి వారంలో ఎన్నిసార్లు పడతామో లెక్కపెట్టడం కూడా దండగ. దెబ్బ తగలకుండా పడటం, పడ్డాక క్షేమంగా ఒడ్డు చేరడం, ఈ రెండూ చెబుతాను. ఒక్క మాట ముందే: ఇది చదివి సొంతంగా కైట్ కొనుక్కుని దిగకండి. మాస్టారు పక్కన ఉండి నేర్పాల్సిన ఆట ఇది. క్లాసుకు వెళ్లేముందు ఒకసారి, మొదటి రోజు పడి లేచాక ఇంకోసారి చదివితే ఉపయోగం.

ముందు చెయ్యి వదలడం నేర్చుకోండి

కైట్‌కీ మీకూ మధ్య మామూలుగా 20 నుంచి 24 మీటర్ల తాళ్లు ఉంటాయి. ఎక్కువ కైట్లకు నాలుగు. ముందు తాళ్ల లాగుడంతా మీ నడుముకు కట్టుకున్న హార్నెస్ మీదే పడుతుంది. హార్నెస్ కొక్కేనికి తగిలించే రబ్బరు చుట్టును చికెన్ లూప్ అంటారు. వెనక తాళ్లు బార్ రెండు కొసలకు ఉంటాయి. బార్‌ను మీ వైపుకు లాక్కుంటే కైట్ పొట్ట నిండా గాలి పడుతుంది. ముందుకు వదిలేస్తే గాలి జారిపోతుంది. అంటే మీరు చేతులతో కైట్‌ను మోయడం లేదు. బార్ వదిలేసినా కైట్ ఎగిరిపోదు, నడుముకే ఉంటుంది. కొత్తవాళ్లకు ఇది బుర్రకు ఎక్కుతుంది గానీ చేతులకు ఎక్కదు. బస్సులో పైకమ్మీ పట్టుకున్నట్టు పట్టుకుని వేలాడతారు.

గాలి బలం ఎలా పెరుగుతుందో తెలిస్తే భయం సరైన చోట ఉంటుంది. వేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలవుతుంది. 10 నాట్ల గాలిలో మిమ్మల్ని మెల్లగా నడిపించే కైటే 20 నాట్ల గాలిలో ఈడ్చుకుపోతుంది. ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు. మన బండి మీద వెళ్లే వేగంతో చూస్తే 20 నాట్లు పెద్ద లెక్కలా అనిపించదు. కైట్ కట్టుకున్నాక తెలుస్తుంది.

వదలడంలో మూడు మెట్లున్నాయి, ఈ వరుసలోనే.

మొదటిది, బార్ వదలండి. రెండు చేతులూ ఒకేసారి. నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. ఒక చెయ్యి వదిలి ఒకటి పట్టుకుంటే కైట్ ఆ వైపుకు తిరిగి చుట్టు వేస్తుంది. చుట్టు వేసేటప్పుడే లాగుడు అన్నిటికంటే ఎక్కువ. సగం వదలడం కంటే వదలకపోవడమే నయమేమో అనిపించేంత ప్రమాదం అది.

బార్ వదిలినా లాగుతూనే ఉంటే రెండోది, క్విక్ రిలీజ్. చికెన్ లూప్ పైన ఎర్రగానో ఇంకేదైనా కొట్టొచ్చే రంగులోనో పిడి ఉంటుంది. ఎక్కువ వాటిలో దాన్ని మీ నుంచి బయటికి, కైట్ వైపుకు తోయాలి. తోయగానే చికెన్ లూప్ ఊడి, కైట్ ఒక్క సేఫ్టీ తాడు మీద మాత్రమే మిగిలి, జెండాలా రెపరెపలాడుతూ నీళ్లలో పడిపోతుంది.

అప్పటికీ లాగుతుంటే, ఉదాహరణకు మీ కైట్ ఇంకొకరి తాళ్లలో చిక్కుకుంటే, మూడోది: ఆ సేఫ్టీ తాడును మీ హార్నెస్‌కు కలిపే పట్టీని, అంటే సేఫ్టీ లీష్‌ను కూడా ఊడదీసి కైట్‌ను పూర్తిగా వదిలేయడం. కైట్ పోతే డబ్బు పోతుంది, అంతే. కానీ ఈ మెట్టు ఎక్కేముందు గాలి పోయే దిక్కున మనుషులున్నారేమో చూడాలి. ఖాళీ కైట్ గాలికి దొర్లుకుంటూ పోతే దాని తాళ్లు ఎవరి మెడకైనా తగలొచ్చు.

ఈ మూడూ నీళ్లలో నేర్చుకునేవి కావు. నేను రెండోసారి వెళ్లేముందు మా ఇంటి వెనక వేపకొమ్మకు ఒక తాడు కట్టి, దానికి చికెన్ లూప్ వేలాడదీసి, హార్నెస్ తొడుక్కుని, ఒంటి బరువు దాని మీద వేసి, కళ్లు మూసుకుని క్విక్ రిలీజ్ తోయడం అలవాటు చేసుకున్నాను. కుడిచేత్తో, ఎడమచేత్తో, తలమీద మా తమ్ముడు బకెట్‌తో నీళ్లు కుమ్మరిస్తుండగా. మా అమ్మ చూసి "వీడికి పిచ్చి ముదిరింది" అంది. ఊడిన లూప్‌ను మళ్లీ బిగించడం కూడా అప్పుడే నేర్చుకోండి. ఇంకో సంగతి, ఈ పిడిలో ఇసుక ఇరుక్కుంటే బిగుసుకుపోతుంది. నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, దిగేముందు ఒడ్డు మీద ఒకసారి తోసి చూసుకోవాలి.

ఒంటిని ఎలా పడనివ్వాలి

మా వైపు ఊళ్లలో బాయిలో ఈత నేర్చుకున్నవాళ్లకు సగం పాఠం ముందే వచ్చేసినట్టు. నడుముకు బెండ్లో లారీ ట్యూబో కట్టి గట్టు మీద నుంచి దుంకమనేవాళ్లు. మోకాళ్లు దగ్గరికి లాక్కుని ముద్దలా పడితే ఏమీ కాదు. భయపడి గాల్లో కాళ్లూ చేతులూ చాపితే పొట్ట నీళ్లకు చరిచి రోజంతా ఎర్రగా ఉండేది. కైట్‌సర్ఫింగ్‌లోనూ సూత్రం అదే, వేగం మాత్రం ఎక్కువ. వేగంగా తగిలితే నీళ్లు నేలలాగే కొడతాయి.

కాబట్టి పడుతున్నానని తెలియగానే, బార్ వదిలేసిన చేతుల్ని ఊరికే గాల్లో ఉంచకండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి పిడికిళ్లు ఛాతీ దగ్గరికి తెచ్చుకోండి. గడ్డం కిందికి దించి ఛాతీకి ఆనించండి. తల వెనక్కి విరక్కుండా ఇది కాపాడుతుంది. మోకాళ్లు కొంచెం ముడవండి. నోరు మూసి, ముక్కుతో మెల్లగా ఊపిరి వదులుతూ ఉండండి. ఒంటిని కర్రలా బిగించొద్దు, అలాగని పూర్తిగా వేలాడేయొద్దు.

పడేటప్పుడు చెయ్యి ఆనించి ఆపుకోవాలనిపిస్తుంది. సైకిల్ మీద నుంచి పడినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఇక్కడ ఆ చెయ్యి నీళ్లలో దిగి ఆగిపోతుంది, ఒళ్లు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. భుజం కీలు జారేది అలాగే. కాలు చాపి ఆనించబోతే అదే పని మోకాలికి జరుగుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా పడేది ముందుకు. బోర్డు అంచు నీళ్లలో గుచ్చుకుంటుంది, కైట్ లాగుతూ ఉంటుంది, ముఖం మీద బోర్లా పడతాం. ఆ క్షణంలో ఒక భుజాన్ని ముందుకు తిప్పండి. ముఖానికి బదులు భుజం వెనకభాగం, వీపు నీళ్లను తాకుతాయి, ఒళ్లు దొర్లిపోతుంది. కుస్తీ పట్టేవాళ్లు, కబడ్డీలో పల్టీ కొట్టేవాళ్లు ఇది చెప్పకుండానే చేసేస్తారు. మనలాంటి వాళ్లం ఇంట్లో పరుపు మీద సాధన చేయొచ్చు, సిగ్గుపడాల్సిన పనేం లేదు. వెనక్కి పడటం అన్నిటికంటే సులువు, కూర్చున్నట్టు పిరుదుల మీద పడటమే.

పూర్తిగా పక్కకు, చెవి నీళ్లకు చరిచేలా పడటం మాత్రం చెడ్డది. కర్ణభేరి చిరిగే అవకాశం ఉంది. చెవిలో నొప్పితో పాటు కళ్లు తిరిగి, నీళ్ల కింద పైన ఏదో కింద ఏదో తెలియదు. అలా అయితే కంగారుపడి ఈదకండి. దెబ్బ తగలకుండా ఛాతీకి తొడుక్కునే, నీళ్లలో తేలే ఇంపాక్ట్ వెస్ట్ మిమ్మల్ని తనంతట తానే పైకి తేలుస్తుంది, కాసేపు ఆగితే చాలు. చెవులు కప్పే హెల్మెట్ కొనమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి పెట్టినప్పుడు ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్లు కూడా హెల్మెట్, వెస్ట్ వేసుకునే దిగారు. మనకెందుకు మొహమాటం?

ఎత్తు నుంచి పడేది తర్వాతి దశలో, గెంతడం మొదలుపెట్టాక. గాల్లో ఉన్నప్పుడు మాత్రం బార్ ఒక్కసారిగా వదిలేస్తే మోసే కైట్ ఖాళీ అయి రాయిలా పడతారు. కైట్‌ను తలమీదే నిలిపి ఉంచి, బోర్డును గాలి పోయే దిక్కుకు తిప్పి, మోకాళ్లు వంచి దిగాలి. అదుపు పూర్తిగా పోయిందంటే బోర్డును కాళ్ల నుంచి తన్నేసి, నీళ్లు తాకగానే బార్ వదిలేయాలి. ఈ ఒక్క సందర్భమే నేను పైన చెప్పినదానికి మినహాయింపు. ఒక సీజన్ అంతా నేర్చుకునేదాకా దీని జోలికి వెళ్లకపోతే మినహాయింపు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం కూడా రాదు.

పైకి తేలేటప్పుడు ముందు ఒక చెయ్యి, తర్వాత తల. బోర్డు ఎక్కడుందో మీకు తెలియదు కదా.

బోర్డును వదిలేయండి

బోర్డు పోతుందని దాన్ని తాడుతో కాలికి కట్టుకునేవాళ్లున్నారు. వద్దు. కైట్ మిమ్మల్ని ఈడ్చుకుపోతుంటే వెనక బోర్డు నీళ్లలో ఆగుతుంది, తాడు సాగుతుంది, తర్వాత రబ్బరులా వచ్చి తల వెనక కొడుతుంది. బోర్డు దానంతట అది తేలుతూ ఉంటుంది. బోర్డు లేకుండా కైట్ సాయంతో, ఒక చెయ్యి నీళ్లలో కత్తిలా చాపి, గాలికి ఎదురుగా ఏటవాలుగా ఈదుకుంటూ వెళ్లి తెచ్చుకోవడాన్ని బాడీ డ్రాగ్ అంటారు. మాస్టారు దీన్ని నేర్పకుండా బోర్డు చేతికిస్తే, అడిగి మరీ నేర్చుకోండి.

లోతు తక్కువ ఉన్నచోట

రామేశ్వరంలో నేర్పే చోట్లలో నీళ్లు లోతు తక్కువ, నిలబడొచ్చు. నేర్చుకోవడానికి అదే సుఖం, దెబ్బ తగలడానికి కూడా అదే కారణం. మోకాలి లోతు నీళ్లలో పడితే కాలు కింద పెట్టి లేవాలనిపిస్తుంది. కైట్ ఇంకా లాగుతుండగా పాదం ఇసుకలో దిగబడితే చీలమండ మెలిపడుతుంది. కాళ్లు పైకి లేపి ఉంచి, ముందు కైట్ నిలిచిందో లేదో చూసి, తర్వాత లేవాలి. నడుం లోతు కంటే తక్కువ ఉన్నచోట గెంతడం అనే ఆలోచనే వద్దు. తల ముందుపెట్టి దూకడం ఎక్కడా వద్దు. నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. అడుగున టేకు చేపలుంటే అలికిడికి తప్పుకుంటాయి, తోకముల్లు గుచ్చవు. పగడపు దిబ్బలు, గవ్వలు ఉన్నచోట రబ్బరు బూట్లు తప్పనిసరి.

కైట్ నీళ్లలో పడింది, మళ్లీ లేవడం లేదు

ఇక్కడ ప్రమాదం తాళ్లు. కైట్ పడగానే తాళ్లు వదులై మీ చుట్టూ తేలుతూ ఉంటాయి. మళ్లీ గాలి పట్టగానే ఒక్క లాగున బిగుస్తాయి. మాంజా వేలిని కోసింది గుర్తుంటే చాలు, ఇవి దానికంటే ఎన్నో రెట్ల బరువు మోసే తాళ్లు. వేళ్లకు చుట్టుకోవద్దు. తాళ్ల మధ్యలోంచి ఈదొద్దు. వాటినుంచి వెనక్కి జరగండి. కాలికి చుట్టు పడితే ముందు క్విక్ రిలీజ్ తోయండి, తర్వాతే చుట్టు విప్పుకోండి. హార్నెస్‌కు పెట్టుకునే చిన్న వంపు కత్తి ఉంటుంది, అది అప్పటికీ కుదరకపోతే.

గాలి ఆగిపోయినా, ఏదైనా తెగినా ఒడ్డు చేరే పద్ధతి ఇది. క్విక్ రిలీజ్ తోయండి. సేఫ్టీ తాడు ఒక్కదాన్నే లాక్కుంటూ బార్‌కు చుట్టండి. ఈ ఒక్క తాడు మిగతావాటికంటే బాగా పొట్టి అయ్యేదాకా, అంటే కైట్ ఒక కొస నుంచి ఇంకో కొస వరకు ఉన్నంత పొడవు చుట్టి ముడి వేయాలి. అప్పుడే కైట్ మళ్లీ గాలి పట్టకుండా ఉంటుంది. ఆ తర్వాత తాళ్లన్నీ కలిపి బార్‌కు చుట్టుకుంటూ కైట్ దగ్గరికి చేరండి, చివర మళ్లీ ముడి. కైట్ ముందు అంచు గాలి నింపిన గొట్టం. 1984లో లెగైనూ సోదరులు ఫ్రాన్స్‌లో పేటెంట్ తీసుకున్న ఆ గాలి గొట్టమే ఇప్పుడు మీకు లారీ ట్యూబు. దాని మీద బోర్లా పడుకుని, రెండు కొసలూ దగ్గరికి పట్టుకుంటే తెరచాపలా గాలి ఒడ్డుకు తోస్తుంది. ఎంత దగ్గరగా కనిపించినా కైట్ వదిలేసి ఒడ్డుకు ఈదకండి. నీళ్ల మీద దూరం కంటికి తక్కువగా కనిపిస్తుంది, పైగా తేలే కైట్ పడవవాళ్లకు కనిపిస్తుంది, మీ తల కనిపించదు.

ఒడ్డు మీద ఇంకా జాగ్రత్త

నీళ్లలో పడితే నీళ్లే. ఒడ్డు మీద కైట్ లేపేసరికి గాలి ఉధృతి వస్తే పడేది రాళ్ల మీద, గోడ మీద, పడవల మీద. గట్టి దెబ్బలు తగిలేది ఇక్కడే.

కైట్ లేపే చోట మీ నుంచి గాలి పోయే దిక్కున కనీసం రెండు తాళ్ల పొడవు, అంటే సుమారు 50 మీటర్లు, చెట్టు, మనిషి, కరెంటు తీగ ఉండకూడదు. తాళ్లు ఎడమవి ఎడమకు, కుడివి కుడికి తగిలించారో లేదో నడిచి వెళ్లి చూసుకోండి. ఒక్క తాడు తారుమారైతే లేవగానే కైట్ చుట్లు తిరుగుతుంది. కైట్ పట్టుకున్న మనిషికి బొటనవేలు చూపించి లేపాక, దాన్ని తలమీదికి తెచ్చి కబుర్లు చెప్పకండి. తలమీద ఉన్న కైట్‌కు గాలి ఉధృతి తగిలితే మిమ్మల్ని నిట్టనిలువునా లేపుతుంది. నీళ్ల వైపు, కిందుగా ఉంచి, చకచకా నీళ్లలోకి నడిచేయండి.

ఏ గాలికి దిగకూడదు, మన సాగర్‌లో చేయొచ్చా

గాలి ఒడ్డుకు ఏటవాలుగా, సముద్రం మీద నుంచి వస్తుండాలి. ఒడ్డు నుంచి నీళ్ల వైపు పోయే గాలిలో పడితే మిమ్మల్ని లోపలికే తీసుకుపోతుంది. పడవ సిద్ధంగా లేకపోతే దిగొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో మన పాలమూరు, నల్లగొండ వైపు సాయంత్రం వచ్చే గాలిదుమారం మీకు తెలుసు కదా. పొద్దంతా ఉడికి ఉడికి, గాలి స్తంభించి, ఒక మూల నల్లటి మబ్బు కమ్ముతుంది. ఉన్నట్టుండి చల్లగాలి వేరే దిక్కు నుంచి విసురుగా కొట్టి తోటలో మామిడికాయలన్నీ రాలగొడుతుంది. ఆ చల్లగాలి మొదటి విసురే కైట్ కట్టుకున్నవాడిని లేపుకుపోయేది. మబ్బు అడుగు నల్లబడితే, చల్లగాలి తగిలేదాకా ఆగకుండా కైట్ దింపేయండి.

ఇంటి దగ్గర నాగార్జునసాగర్ ఉంది, సోమశిల దగ్గర శ్రీశైలం వెనకనీళ్లు ఉన్నాయి, ఇక్కడే ఎందుకు చేయకూడదని స్నేహితులు అడుగుతుంటారు. నన్నడిగితే నేర్చుకోవడానికి వద్దంటాను. చుట్టూ నల్లమల కొండలు. వాటిని దాటి వచ్చే గాలి ముక్కలు ముక్కలుగా, ఒకసారి ఉధృతంగా, ఒకసారి సున్నాగా వస్తుంది. నీటిమట్టం కాలాన్నిబట్టి దిగిపోతుంది. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. నీళ్లు అంతకు తగ్గేకొద్దీ నిన్నటిదాకా మునిగి ఉన్న బండలు, మొద్దులు పాదం లోతుకు వస్తాయి. చేపల వలలు, పుట్టి మీద తిరిగే జాలరులు వేరే. అధికారుల అనుమతి సంగతి సరేసరి. లైఫ్‌జాకెట్ వేసుకుని, అనుమతి ఉన్నచోట ఈత సాధన చేసుకోండి, కైట్ మాత్రం సముద్రానికి తీసుకెళ్లండి.

దెబ్బ తగిలాక

తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నట్టు అనిపించినా ఆ రోజుకు ఆట ఆపేయాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, తికమకగా మాట్లాడటం, విపరీతమైన మత్తు, వీటిలో ఏదున్నా ఆసుపత్రికి. మెడ నొప్పి అన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరన్నా మనిషిని లేపి కూర్చోబెట్టకండి. తలా మెడా కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చేయండి. నీళ్లు మింగి, దగ్గు ఆగకుండా వస్తున్నా, ఆయాసంగా ఉన్నా, పడుకుంటే తగ్గుతుందని వదిలేయొద్దు. చెవి దెబ్బ అయితే నూనె, చుక్కలు ఏవీ వేయకుండా డాక్టరుకు చూపించండి, మానేదాకా చెవిలోకి నీళ్లు పోనివ్వకండి.

మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకున్నట్టు ఏమాత్రం అనిపించినా ఈ ఆట మొదలుపెట్టేముందు ఎముకల డాక్టరును కలవండి. వంగని వెన్నుతో ముద్దలా పడటం కుదరదు.

పక్కటెముక సంగతి నాకు బాగా తెలుసు. పట్టీ బిగించి కట్టడం వల్ల ఊపిరి సరిగా ఆడదు, అందుకే డాక్టరు కట్టలేదు. నొప్పి మాత్రలు ఇచ్చి, దిండును పక్కకు అదుముకుని గట్టిగా ఊపిరి తీస్తూ ఉండమన్నాడు. తిరుగు ప్రయాణంలో మా దేవరకొండ రోడ్డు మీద ఒక్కో గుంతకూ ఒక్కో ఎముకను లెక్కపెట్టుకున్నాను. మూడు వారాలు నవ్వాలంటే టెన్షన్.

అలా దెబ్బ తగిలి ఒడ్డున కూర్చోవాల్సి వచ్చి, ఒళ్లు సహకరిస్తే, వేరేవాళ్ల కైట్లు దింపిపెట్టండి. నీళ్లలోంచి ఎవరైనా అరచేత్తో తలమీద తట్టుకుంటూ కనిపిస్తే, దింపమని అడుగుతున్నట్టు. కైట్ నేలకు దగ్గరగా వచ్చేదాకా ఆగి, గాలి గొట్టాన్ని నట్టనడుమ పట్టుకోండి. తాళ్లను పట్టుకోవద్దు. అవతలి మనిషి నాలుగడుగులు మీ వైపు నడిచి తాళ్లు వదులు చేశాకే కైట్‌ను బోర్లా తిప్పి, మీద ఇసుక పోయండి.